ర్యామ్ పెంచినాక కంప్యూటర్ ఆన్ కాకపోతే ఏం చూడాలె?

(విజ్ఞాన పాఠం – 9వ తరగతి)

ఈ నెల విజ్ఞాన పాఠం కంప్యూటర్ గురించి. కంప్యూటర్ అనగానే చాలా మంది పెయింట్, టైపింగ్ అనుకుంటరు. ఇది అది కాదు. కంప్యూటర్ డబ్బా లోపల ర్యామ్ అనే భాగం కొత్తది వేసిన తర్వాత కంప్యూటర్ ఆన్ కాకుండ పోతే, అది నిజంగా చచ్చిపోయిందా, బతికే ఉన్నదా అని ఎట్ల తెలుసుకోవాలె అన్నదే ఈ పాఠం. మన ల్యాబ్‌లో కిటికీ పక్క కంప్యూటర్ మీద "పనిచేయదు" అని ఒక కాగితం అంటించి ఉండె. ఇప్పుడు ఆ కాగితం లేదు. అది ఎట్ల పోయిందో కూడా ఇందులోనే వస్తది.

ముందు పేర్లు సరిగ్గా తెలుసుకుందాం. మనమందరం పెద్ద డబ్బాను చూపించి సీపీయూ అంటం. దుకాణంలో కూడా అట్లనే అంటరు. కాని ఆ డబ్బా పేరు క్యాబినెట్. అసలు సీపీయూ అనగా ప్రాసెసర్, అది లోపల ఫ్యాన్ కింద దాగి ఉంటది, అగ్గిపెట్టె అంత కూడా ఉండదు. లోపల ఉన్న పెద్ద పచ్చ పలక మదర్‌బోర్డు. కరెంటును తక్కువ ఓల్టులుగా మార్చి ఇచ్చే ఇనుప పెట్టె పేరు ఎస్ఎంపీఎస్. మదర్‌బోర్డు మీద పొడుగు గాడులు ఉంటయి, వాటిని స్లాట్లు అంటరు. వాటిలో నిలబెట్టిన జానెడు కన్న చిన్న పట్టీ వంటిదే ర్యామ్ స్టిక్. దాని కింది అంచుకు బంగారు రంగు గీతలు ఉంటయి. నిజంగానే వాటి మీద పలుచగా బంగారు పూత వేస్తరు, తుప్పు పట్టకూడదని.

ర్యామ్ ఎందుకు? మన ట్రంకు పెట్టెలో పుస్తకాలన్నీ ఉంటయి, కాని స్టడీ అవర్‌లో చదివేటప్పుడు రెండు మూడు పుస్తకాలే తీసి ముందర పెట్టుకుంటం. ట్రంకు పెట్టె హార్డ్ డిస్క్ వంటిది. ముందర ఉన్న జాగ ర్యామ్ వంటిది. జాగ చిన్నగ ఉంటే ఒక పుస్తకం మూసి లోపల పెట్టి ఇంకొకటి తీయాలె. కంప్యూటర్ కూడా గట్లనే చేస్తది, అందుకే నిదానంగా నడుస్తది. జాగ పెంచితే నిదానం తగ్గుతది. అందుకని అందరు ర్యామ్ పెంచాలని చూస్తరు.

ఒక తేడా మాత్రం ఉన్నది. మనం లేచి పోయినా పుస్తకాలు అక్కడే ఉంటయి. ర్యామ్‌లో కరెంటు పోతే అన్నీ పోతయి. ఎందుకంటే దాని లోపల ఉండేవి కండెన్సర్లు. బోరు మోటరు స్టార్టర్ డబ్బాలో వెండి రంగు డబ్బీ లాగా ఉండే కండెన్సర్ మన తండాల పిల్లలందరికి తెలుసు. కరెంటును కొంచెం సేపు పట్టి ఉంచుకునేది అదే. పుస్తకంలో దానిని కెపాసిటర్ అని రాస్తరు. ర్యామ్‌లో ఒక్కొక్క అంకెకు, అనగా 0 కు గాని 1 కి గాని, కంటికి కనిపించనంత చిన్న కండెన్సర్ ఒకటి, దానికి తలుపు వంటి ట్రాన్సిస్టర్ ఒకటి ఉంటయి. ఓటి కుండలో నీళ్లు కారిపోయినట్లు ఈ కండెన్సర్‌లో కరెంటు కారిపోతుంటది. అందుకే 64 మిల్లీ సెకన్లకు ఒకసారి అన్నింటిని చదివి తిరిగి నింపుతరు. సెకనుకు దాదాపు పదహారు సార్లు! 4 జీబీ స్టిక్‌లో ఇటువంటి కండెన్సర్లు 3,400 కోట్లకు పైగా ఉంటయి. నేను కాగితం మీద గుణించి చూసిన. 4 ను మూడు సార్లు 1024 తోని, ఆ తర్వాత 8 తోని గుణించాలె. మీరూ చేయండి, సరదాగా ఉంటది.

ఈ ఆలోచన 1966లో అమెరికాలో ఐబీఎం కంపెనీలో పనిచేస్తున్న రాబర్ట్ డెనార్డ్ అనే ఇంజినీరుకు వచ్చింది. 1968లో పేటెంట్ వచ్చింది. ఆయన 1932లో టెక్సాస్‌లో పుట్టి, పల్లెటూరిలో ఒకే గది ఉన్న బడిలో చదువు మొదలుపెట్టిండు. 2024లో చనిపోయిండు. ఒకే గది బడి అన్నది చదివినప్పుడు నాకు మా తండా బడి యాదికొచ్చింది. అక్కడ కూడా ఒకటి నుంచి అయిదు దాక ఒక్క గదిలోనే కూర్చునేది.

ఇక అసలు విషయానికి వస్తున్న.

స్విచ్ వేసిన వెంటనే కంప్యూటర్ తెర మీదికి బొమ్మ తేదు. ముందు తన ఒళ్లు తానే చూసుకుంటది. దీనిని పోస్ట్ అంటరు. ఉత్తరాల పోస్టు కాదు. కరెంటు రాగానే చేసుకునే స్వయం పరీక్ష అని అర్థం. మదర్‌బోర్డు మీద బయాస్ అనే చిన్న ప్రోగ్రాము శాశ్వతంగా రాసి ఉంటది. అది ప్రాసెసర్ ఉన్నదా, ర్యామ్ ఉన్నదా, ఎంత ఉన్నది, కీబోర్డు ఉన్నదా అని వరుసగా చూస్తది. ర్యామ్ కాడ ఆగిపోతే తెర కాడికి రానే రాదు. అందుకే ఫ్యాన్ తిరుగుతది, లైటు వెలుగుతది, కాని తెర నల్లగా ఉంటది. చూసినోళ్లు మానిటర్ పోయింది అంటరు. కొందరు బోర్డే పోయింది అంటరు. మానిటర్ తప్పు ఏమీ ఉండదు పాపం, దానికి ఇంకా ఏమీ అందలేదు.

తెర రాకముందే ఏమైందో చెప్పాలంటే కంప్యూటర్‌కు నోరు ఏది? బోర్డు మీద చిన్న స్పీకర్ ఉంటే అదే నోరు. "బీప్" అని మోగుతది. అంతా బాగుంటే చాలా పాత కంప్యూటర్లలో ఒక్క చిన్న బీప్ వచ్చి తెర వస్తది. ర్యామ్ దొరకకపోతే ఆగి ఆగి పొడుగు బీప్‌లు వస్తనే ఉంటయి, లేకపోతే కొన్ని బీప్‌లు లెక్క ప్రకారం వస్తయి. ఎన్ని బీప్‌లకు ఏ అర్థం అన్నది బోర్డును బట్టి మారుతది, బోర్డు పుస్తకంలో చూసుకోవాలె. అందుకని కంప్యూటర్ ఆన్ కానప్పుడు మొదలు చేయవలసింది కళ్లతో చూడడం కాదు, చెవులతో వినడం. ఈ ముక్క నాకు చాలా నచ్చింది. మా యాడి, అంటే మా అమ్మ, పొయ్యి మీద నీళ్లు మరిగినయా అని మూత తీయకుండ చప్పుడు విని చెప్తది.

మా నాయన సంగతి కూడా ఇక్కడ చెప్పాలె. ఎండాకాలం బోరు మోటరు నడవకపోతే ఆయన వెంటనే మోటరు కాలిపోయింది అనడు. మోటరు బయటికి తీయాలంటే పైపులన్నీ గుంజాలె, మనుషులు కావాలె, పైసలు కావాలె. అందుకని ముందు స్టార్టర్ డబ్బా కాడికి పోయి మూడు ఫేసులు వస్తున్నయా చూస్తడు. తర్వాత ఫ్యూజు. తర్వాత కండెన్సర్. బల్లి పడి చచ్చిందా అని కూడా చూస్తడు. ఇవన్నీ అయినంకనే మోటరు మీదికి పోతడు. నాయనకు సంతకం తప్ప రాయరాదు. కాని కంప్యూటర్ రిపేరు వరుస కూడా ఇదే. తేలికైనది, పైసలు కానిది ముందు చూడాలె. ఖర్చయ్యేది ఆఖరుకు చూడాలె. ఒక్కసారికి ఒక్కటే మార్చాలె. రెండు ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు.

ఇప్పుడు మన ల్యాబ్ సంగతి. మన దగ్గర నడిచే కంప్యూటర్లు మూడు ఉండె. 9వ తరగతిలో మేము 36 మందిమి. పీరియడ్ 45 నిమిషాలు. ఒక్కో దానికి 12 మంది, అంటే ఒక్కొక్కరికి మూడు ముప్పావు నిమిషాలు. కిటికీ పక్కది పోయినాక రెండే మిగిలినయి. 18 మందికి ఒకటి, రెండున్నర నిమిషాలు. తెలుగులో నా పేరు, ఇంటి పేరు, తండా పేరు టైపు చేసే సరికే రెండు నిమిషాలు అయితది. ఆ తర్వాత వెనుక నిలబడ్డ అమ్మాయి "లే, నా వంతు" అంటది. ఇంటికాడ కంప్యూటర్ ఉన్నోళ్లకు ఇది చిన్న విషయం. మాకు ఇంటికాడ లేదు. మా ఇండ్లల్ల మాకంటే ముందు దాన్ని ముట్టుకున్నోళ్లు కూడా లేరు.

ఆ కంప్యూటర్ పాతది. దానిలో 2 జీబీ స్టిక్ ఒకటి ఉండె. ఒక దాత తమ ఆఫీసులో తీసేసిన 4 జీబీ స్టిక్‌లు రెండు ఇచ్చిండు. మన కంప్యూటర్ మేడం ఒకటి ఖాళీ స్లాట్‌లో పెట్టి స్విచ్ వేసింది. ఫ్యాన్ తిరిగింది, తెర నల్లగానే ఉన్నది. కొత్తది తీసేసి మళ్లీ వేసింది. అప్పుడు కూడా రాలేదు. అంటే మొదలు ఉన్న పాత స్టిక్ ఒక్కటే ఉన్నా రాలేదు. అందరికి భయం అయింది, ఉన్నది కూడా పోయింది అని. మేడం ఎల్లారెడ్డిలో బస్సెక్కి క్యాబినెట్‌ను ఒళ్లో పెట్టుకొని కామారెడ్డి తీసుకపోయింది. 2023 డిసెంబరు నుంచి ఆడోళ్లకు బస్సులో టికెట్ పైసలు లేవు కదా, కాబట్టి పోవుడు ఖర్చు కాలేదు. కామారెడ్డిలో ఒక దుకాణంలో చూసి బోర్డు పోయింది అన్నరు. ఈ రకం బోర్డు ఇప్పుడు కొత్తది రాదు, కొత్త రకం బోర్డు వేస్తే ప్రాసెసర్, ర్యామ్ కూడా మార్చాలె, అంత కన్న కొత్త కంప్యూటర్ మేలు అన్నరు. అంత డబ్బు మన బడికి ఎక్కడిది? తిరిగి వచ్చినాక కాగితం అంటించిండ్రు. పనికిరాని సామాను పట్టికలో రాయాలని కూడా అనుకున్నరు. ఒకసారి ఆ పట్టికలో ఎక్కితే మళ్లీ ల్యాబ్‌లోకి రాదు.

దసరా సెలవుల ముందర మన బడిలోనే చదివి ఇప్పుడు పాలిటెక్నిక్ చదువుతున్న ఒక అక్క సర్టిఫికెట్ కోసం వచ్చింది. కాగితం చూసి, "మేడం, ర్యామ్ మొత్తం తీసి ఆన్ చేసి చూసిండ్రా? బీప్ వచ్చిందా?" అని అడిగింది. మేడం, "ర్యామ్ లేకుండ ఎట్ల ఆన్ అయితది అక్కా?" అని నేను అడగబోయేది తానే అడిగింది. అక్క నవ్వి, "ఆన్ కావద్దు మేడం. ఏడవాలె" అన్నది.

ఇది అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది. ర్యామ్ ఒక్కటి కూడా లేకుండ స్విచ్ వేస్తే, బోర్డు, ప్రాసెసర్, బయాస్ బతికి ఉంటేనే కదా "నాకు ర్యామ్ లేదు" అని మోగేది! చచ్చిన బోర్డు మోగదు. అంటే ఆ బీప్ చెడ్డ వార్త కాదు, మంచి వార్త. స్పీకర్ లేని బోర్డు అయితే మోగకపోయినా పోయింది అని చెప్పలేము, ముందు స్పీకర్ ఉన్నదా చూసుకోవాలె. మన దానికి ఉన్నది. నేను టార్చి పట్టుకున్న. అక్క స్టిక్ తీసి స్విచ్ వేయించింది. మూడు లెక్కపెట్టేంతలో "బీ...ప్" అని పొడుగ్గా మోగింది. ఆగి మళ్లీ మోగింది. మేడం ముఖం చూడాల్సి ఉండె.

ఆ తర్వాత చేసినవి వరుసగా రాస్తున్న. అయితే అంతకు ముందు జాగ్రత్తలు, ఇవి దాటేసి చదువవద్దు.

క్యాబినెట్ మూత తీసే ముందు స్విచ్ ఆపితే చాలదు, గోడ నుంచి కరెంటు వైరు పీకాలె. పీకినాక కూడా ఆన్ బటన్ ఒకసారి నొక్కి పట్టాలె, లోపల కండెన్సర్లలో మిగిలిన కరెంటు దిగిపోతది. ఎస్ఎంపీఎస్ ఇనుప పెట్టెను ఎట్టి పరిస్థితిలో విప్పరాదు. వైరు పీకినా దాని లోపల షాకు కొట్టేంత కరెంటు నిలిచి ఉండవచ్చును. చేతులు తడిగా ఉండకూడదు. ఇంకొకటి, చలికాలం స్వెట్టర్ విప్పితే చిటపటమంటది కదా, అటువంటి కరెంటు మన ఒంటిలో ఉంటది. మనకు తెలియనంత చిన్న షాకు కూడా ర్యామ్ చిప్‌ను చంపగలదు. అందుకని ముందు క్యాబినెట్ యొక్క రంగు లేని ఇనుప భాగాన్ని ముట్టుకోవాలె. స్టిక్‌ను రెండు కొసల పట్టుకోవాలె, బంగారు గీతలను వేలితో ముట్టరాదు. మేడం లేకుండ 6, 7 తరగతుల చెల్లెళ్లు మూత ముట్టుకోవద్దు.

మొదట పాత 2 జీబీ స్టిక్. అక్క దానిని వెలుతురులో పెట్టి చూపించింది. బంగారు గీతల మీద మబ్బు పట్టినట్టు మసక ఉండె. ఏండ్ల తరబడి కదలకుండ ఉన్న చోట దుమ్ము, తేమ చేరి పొర కడుతది. కదలనంత కాలం లోపలి పిన్ను ఒక్క చోటనే ఆనుకొని పనిచేస్తది. పక్క స్లాట్‌లో కొత్తది నొక్కినప్పుడు బోర్డు కొంచెం వంగి, ఇది వెంట్రుక వాసి కదిలి ఉంటది, అప్పుడు పిన్ను మసక మీదికి వచ్చి ఉంటది అని అక్క చెప్పింది. పైగా ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి దాక బస్సులో ఊగింది. పెన్సిల్ చెరిపే తెల్ల రబ్బరుతో గీతల మీద మెల్లగా రుద్దితే రబ్బరుకు నల్లగా అంటింది. పెన్ను చెరిపే గరుకు రబ్బరు వాడవద్దు, పూత లేచిపోతది. నోటితో ఊదవద్దు, తుంపర పడితే మళ్లీ తేమే. రుద్దినాక పొడి బట్టతో తుడిచి, స్లాట్‌లో దుమ్మును ఎండిన బ్రష్‌తో దులిపినం.

పెట్టేటప్పుడు చూడవలసింది గాటు. స్టిక్ కింది అంచులో ఒక చిన్న గాటు ఉంటది, స్లాట్‌లో దానికి సరిగ్గా ఒక గుబ్బ ఉంటది. ఆ గాటు నడిమధ్యన ఉండదు, ఒక పక్కకు జరిగి ఉంటది. తిప్పి పెడితే పట్టదు. ఒక తరం ర్యామ్‌కు, ఇంకొక తరం ర్యామ్‌కు గాటు వేరే చోట ఉంటది. 2007 నుంచి వచ్చిన డీడీఆర్3 స్టిక్‌కు 240 పిన్నులు, 1.5 ఓల్టులు. 2014 నుంచి వచ్చిన డీడీఆర్4 కు 288 పిన్నులు, 1.2 ఓల్టులు. ఒకదానిలో ఒకటి పట్టకూడదనే గాటు జరిపిండ్రు, ఓల్టులు తేడా ఉంటే కాలిపోతది కదా. పట్టడం లేదు అంటే బలం చాలడం లేదు అనుకొని కొందరు ఇంకా గట్టిగా నొక్కుతరు. తప్పు. పట్టడం లేదు అంటే అది దీనిది కాదు. ల్యాప్‌టాప్ స్టిక్‌లు పొడుగులో సగమే ఉంటయి, అవి వేరే జాతి.

గాటు కుదిరినాక రెండు బొటనవేళ్లతో రెండు కొసల మీద సమానంగా నొక్కాలె. పక్కల ఉన్న తెల్ల కొక్కేలు వాటంతట అవే లేచి "టక్" అని పడుతయి. రెండు టక్‌లు వినాలె. ఒక్క దిక్కే పడితే స్టిక్ ఏటవాలుగా ఉన్నట్టు. చూడడానికి పెట్టినట్టే కనిపిస్తది, కాని సగం పిన్నులకు తగలదు. ర్యామ్ వేసినాక ఆన్ కాని కంప్యూటర్లలో చాలా వాటికి రోగం ఇదేనట. ఇంకా, చేయి పెట్టినప్పుడు పక్కనున్న హార్డ్ డిస్క్ వైరు, ప్రాసెసర్ కాడి నాలుగు పిన్నుల కరెంటు వైరు ఊడినయా అని చూసుకోవాలె.

పాత స్టిక్ పెట్టి స్విచ్ వేస్తే ఒక్క చిన్న బీప్. తెర వచ్చింది! మేమందరం చప్పట్లు కొడితే పక్క క్లాసులో సార్ వచ్చి చూసిండు. తెర మీద తేదీ 2009 జనవరి 1 అని ఉన్నది. ఎందుకంటే బోర్డు మీద రూపాయి బిళ్ల అంత ఉండే 3 ఓల్టుల బ్యాటరీ, దాని పేరు సీఆర్ 2032, అయిపోయింది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది, బయాస్‌లో పెట్టిన మార్పులను యాది పెట్టుకునేది అదే. ర్యామ్ మార్చినాక కొన్ని కంప్యూటర్లు పాత లెక్కలు పట్టుకొని మొరాయిస్తయి, అప్పుడు వైరు పీకి ఈ బిళ్లను కొన్ని నిమిషాలు తీసి పెడితే లెక్కలన్నీ మొదటికి వస్తయి. కొత్త బిళ్ల వేసి తేదీ సరిచేసినం. తేదీ తప్పుగా ఉంటే ఇంటర్నెట్ పేజీలు భద్రత లేదు అని తెరుచుకోవు, ఇది చాలా మందికి తెలియదు.

ఇక కొత్త స్టిక్‌లు. మొదటి 4 జీబీ దానిని కూడా రబ్బరుతో శుభ్రం చేసి, ఒక్కదాన్నే పెట్టి చూసినం. పొడుగు బీప్. రెండో స్లాట్‌లో పెట్టినం. మళ్లీ పొడుగు బీప్. రెండో 4 జీబీ స్టిక్ పెట్టినం. చిన్న బీప్, తెర వచ్చింది! రెండింటి మీద 4 జీబీ అనే ఉన్నది. రెండూ డీడీఆర్3 నే. గాటు ఒక్క చోటనే. మరి ఒకటి ఎందుకు నడిచింది, ఒకటి ఎందుకు నడవలేదు? మేమందరం మొదటిది పాడైంది అన్నం. అక్క మాత్రం రెండింటిని పక్కపక్కన పెట్టి, "నల్ల చిప్‌లు లెక్క పెట్టుండ్రి" అన్నది.

మొదటి దానికి ఒక్క పక్కనే 8 చిప్‌లు. రెండో దానికి రెండు పక్కల కలిపి 16 చిప్‌లు.

ఇదే ఈ పాఠంలో గట్టి లెక్క. 1 బైటు అంటే 8 బిట్లు. కాబట్టి 4 గిగాబైట్లు అంటే 32 గిగాబిట్లు. 32 ను 8 చిప్‌లకు పంచితే ఒక్కో చిప్‌కు 4 గిగాబిట్లు. 16 చిప్‌లకు పంచితే ఒక్కో చిప్‌కు 2 గిగాబిట్లు. మన కంప్యూటర్ బోర్డు మీద ఉన్నది ఇంటెల్ వాళ్ల జీ41 అనే రకం చిప్‌సెట్. అది 2008 నాటిది. అప్పటికి 2 గిగాబిట్ల చిప్ వరకే లెక్క, దానికి అంత కన్న పెద్ద చిప్‌ను అందుకోవడం రాదు. 4 గిగాబిట్ల చిప్ పెడితే ర్యామ్ లేనట్టే అనుకుంటది. పావుశేరు గిన్నెతో కొలిచే మనిషికి అడ్డెడు గంప ఇచ్చినట్టు. స్టిక్ మీద అంటించిన కాగితం మీద కూడా ఇది రాసి ఉంటది. 8 చిప్‌ల దాని మీద 1ఆర్ఎక్స్8 అని, 16 చిప్‌ల దాని మీద 2ఆర్ఎక్స్8 అని ఉండె. ఇటువంటి పాత బోర్డుకు 2ఆర్ఎక్స్8 ఉన్నదే అడిగి తెచ్చుకోవాలె.

అక్క మాటతో మొదటి స్టిక్‌ను ఆఫీసు గదిలోని కొంచెం కొత్త కంప్యూటర్‌లో పెట్టినం, అది కూడా డీడీఆర్3 నే. స్విచ్ వేయగానే నడిచింది. పాడైంది అనుకున్న స్టిక్ పాడు కాలేదు, పోయింది అనుకున్న బోర్డు పోలేదు. వాటికి జత కుదరలేదు, అంతే. ఇప్పుడు అది అక్కడే ఉన్నది, ఆఫీసు సార్ తన కంప్యూటర్ ఉరుకుతున్నది అని మురుస్తున్నడు. పట్టికలో ఎక్కవలసిన కంప్యూటర్ వల్ల లాభం ఆయనకు కూడా వచ్చింది.

ఆన్ అయినంత మాత్రాన పని అయిపోలేదు. స్టిక్ లోపల ఒకటి రెండు కండెన్సర్లు చెడిపోయి ఉంటే కంప్యూటర్ ఆన్ అయితది, కాని నడుమ నడుమ నీలం తెర వచ్చి ఆగిపోతది. అందుకని విండోస్‌లోనే ఉన్న మెమరీ డయాగ్నస్టిక్ అనే పరీక్షను భోజనాల సమయంలో నడిపించినం. తప్పులు లేవు అని వచ్చింది. తప్పు వస్తే ఒక్కో స్టిక్‌ను విడిగా పెట్టి పరీక్షించాలె, అప్పుడే ఏది చెడ్డదో తెలుస్తది.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. 2 జీబీ, 4 జీబీ కలిపితే 6 జీబీ కావాలె. విండోస్‌లో చూస్తే 6 అని చూపించి, పక్కన వాడదగినది 3.25 అని చూపించింది. మిగతాది ఎవరు తిన్నరు? ఎవరూ తినలేదు. మన దాంట్లో ఉన్నది 32 బిట్ల విండోస్. ఒక్కో బైటుకు ఇంటి నంబరు లాగా ఒక చిరునామా ఉండాలె. 32 బిట్లతో రాయగల చిరునామాలు 2 ను 32 సార్లు వేసి గుణించినన్ని, అనగా 4,29,49,67,296. సరిగ్గా 4 జీబీ. అందులో కూడా కొన్ని చిరునామాలు తెరకు, ఇతర భాగాలకు పోతయి. మిగతా ర్యామ్ ఇంటి నంబరు లేని గుడిసె వంటిది. మన తండాల ఇండ్లకు నంబరు లేనప్పుడు ఉత్తరం రానట్టే, దానికి పని రాదు. 64 బిట్ల సిస్టం వేస్తే మొత్తం 6 వాడుకోవచ్చును, ప్రాసెసర్‌కు ఆ శక్తి ఉన్నది. విండోస్ 10 కు ఉచిత రక్షణ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, విండోస్ 11 ఇంత పాత కంప్యూటర్‌ను ఒప్పుకోదు. అందుకని మేడం 64 బిట్ల లినక్స్ వేద్దాం అన్నది. లినక్స్‌కు పైసలు కట్టనక్కర లేదు. అది వేసేదాక మనం 3.25 తోనే సరిపెట్టుకుంటున్నం. అయినా మునుపటి 2 కన్న నయమే, తెలుగు టైపింగ్ తెరిచి లెక్కల వీడియో కూడా తెరిస్తే ఆగకుండ నడుస్తున్నది. ఇప్పుడు మళ్లీ ఒక్కొక్కరికి మూడు ముప్పావు నిమిషాలు.

పాఠం చదివినోళ్లకు ఒక ప్రశ్న. ఒక డీడీఆర్3 స్టిక్ మీద 8 జీబీ అని ఉన్నది. రెండు పక్కల కలిపి 16 చిప్‌లు ఉన్నయి. ఒక్కో చిప్ ఎన్ని గిగాబిట్లు? అది కిటికీ పక్క కంప్యూటర్‌లో నడుస్తదా, నడవదా? ఎందుకు? జవాబు రాసి, మీ పేరు, తరగతి వేసి లైబ్రరీ కాడ ఉన్న డబ్బాలో శనివారం లోపల వేయండి. సరైన జవాబులు వచ్చే సంచికలో రాస్తం.